ఎర్ర సిరా టిక్కులు

చెల్లెలు పోయింది ఒక మంగళవారం. ఆ రోజు దిద్దాల్సిన నలభై రెండు నోటుపుస్తకాలు నా బల్ల మీదే ఉండిపోయాయి. సాయంత్రానికి దాని కూతురు గువ్వ బడిసంచి, దిండు పట్టుకుని మా ఇంటికి వచ్చేసింది.

గువ్వకు తొమ్మిదేళ్లు. ఎడమ చెవిలో చీము. ఆపరేషన్ ఆలస్యమైతే వినికిడి పోతుందని డాక్టరమ్మ చెప్పింది. ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టబోతే ఆపింది.

"మీరు పెద్దమ్మ కదండీ. కన్నవాళ్లయినా పెట్టాలి, వాళ్లు రాసిచ్చిన అధికారపత్రమైనా మీ దగ్గరుండాలి."

గువ్వ తండ్రి సరుకుల ఓడలో మెకానిక్. భార్య చివరిచూపుకు కూడా అందలేదు. ఓడ రేవు చేరగానే నోటరీ ముందు సంతకం చేసి పత్రం పంపాడు. గువ్వ వైద్యం, చదువు విషయాల్లో నిర్ణయాలు నేను తీసుకోవచ్చని అందులో ఉంది.

దాన్ని స్టాఫ్ రూములో కూర్చుని, ఏదీ తప్పిపోకూడదని వాక్యం వాక్యం చదివాను. ముగించి చూసుకుంటే ప్రతి వాక్యం పక్కన ఎర్ర టిక్కు. అడుగున 'చూశాను' అని నా పొట్టి సంతకం. ఇరవై ఆరేళ్ల అలవాటు. చెయ్యి నన్ను అడగలేదు.

ఆసుపత్రి గుమాస్తా పత్రాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"ఎన్ని మార్కులేశారు మేడమ్?"

"అక్షరం కూడా మార్చలేదండీ."

"నిజమే. కానీ నోటరీ ముద్ర పడ్డాక ఇంకొకరి సిరా పడితే మేం తీసుకోం. రేపేదైనా జరిగితే నా మెడకే చుట్టుకుంటుంది. కొత్తది తెప్పించండి."

మరిదికి ఫోను చేశాను. ఓడ అప్పటికే బయలుదేరింది.

"ఇంకో రేవు రావాలంటే పన్నెండు రోజులు, వదినా."

"పన్నెండో రోజు పొద్దున్నే దిగు. అక్కడి నోటరీ చిరునామా నేను కనుక్కుని పంపిస్తా. ఈసారి మత్తుమందు మాట కూడా రాయించు."

"సరే. మీరు మాత్రం దిద్దకండి."

చెల్లెలు వింటే పడీ పడీ నవ్వేది.

మర్నాడు సెలవు పెట్టి డాక్టరమ్మ గది ముందు కూర్చున్నాను. మూడు వారాలకు మించి ఆగలేమంది. ఆ గడువులోపే ఆపరేషన్‌కు కొత్త తేదీ రాయించుకునే లేచాను. అప్పటిదాకా పూటపూటా చుక్కల మందు.

మందు వేస్తుంటే గువ్వ అడిగింది.

"పెద్దమ్మా, అమ్మ సంతకమైతే సరిపోయేదా?"

"సరిపోయేది."

"మరి నీదెందుకు చాలదు?"

"చాలేలా చేస్తున్నా. తల కదపకు."

నోటరీ చిరునామా పంపాను. పత్రం వస్తే పెట్టడానికి ప్లాస్టిక్ కవరు కొన్నాను. ఎర్ర కలాలన్నీ స్టాఫ్ రూము సొరుగులోనే ఉంచి వస్తున్నాను.

ఇవాళ పదకొండో రోజు. పత్రం మీద మరిది ఇంకా సంతకం చేయాలి.