కనజవాకు వెళ్ళొచ్చిన కుక్కర్

నేను ఒక బుల్లి రైస్ కుక్కర్ని. పుట్టింది కోయంబత్తూరులోనే అయినా, మా వంశానిది జపాన్ అని కార్ఖానాలో గొప్పగా చెప్పుకునేవారు. అందుకే కాకినాడ హైమవతి నన్ను పాత చీరలో చుట్టి పెట్టె అడుగున దాచినప్పుడు, తాతల ఊరు చూడబోతున్నానని మురిసిపోయాను.

నిజానికి ఆ ప్రయాణం హైమవతి విశ్రాంతి కోసం. పెళ్ళయిన నాటి నుంచి ఆవిడకు పొయ్యి దగ్గర సెలవు దొరికింది లేదు. కూతురు లాలస పట్టుబట్టి, తల్లినీ తండ్రి పేర్రాజునూ జపాన్‌లో కనజవా అనే ఊళ్ళో మంచి హోటల్లో దింపింది.

"ఇక్కడ గరిటె ముట్టుకున్నావంటే నా మీదొట్టే అమ్మా" అంది.

హైమవతి గరిటె ముట్టుకోలేదు. నేను గరిటెను కాను కదా.

పేచీ పేర్రాజుతో వచ్చింది. మొదటిపూట హోటల్ అన్నం నోట్లో పెట్టుకోగానే మొహం చిట్లించాడు. "ఇదేం అన్నమే, జిగురులా అంటుకుపోతంది! నీ చేతి ముద్ద లేందే నాకు నిద్దరట్టదు." ఆయనకు నిద్ర పట్టని రోజంటూ నేను చూడలేదు. అయినా హైమవతి నన్ను బయటికి తీసింది.

గదిలో వండకూడదు గనుక స్నానాలగదిలో పెట్టింది. అక్కడి కరెంటుకు మన కరెంటులో సగం బలమైనా లేదు. ఇంట్లో ఇట్టే ఉడికించేదాన్ని, ముక్కుతూ మూలుగుతూ కూర్చున్నాను. తండ్రీకూతుళ్ళు తోటలు చూసి, ఎవరి వేడినీళ్ళ తొట్టిలో వాళ్ళు మునిగి తేలుతుంటే, తలనొప్పి వంకతో హైమవతి నాకు కాపలా కాసేది. బియ్యం వీధి చివరి కొట్లో పేర్రాజే కొన్నాడు. కింద హోటల్లో వండేదీ ఆ రకమే, అదే జిగురు. "ఇదీ అన్నమంటే!" అని లొట్టలేసుకుంటూ తినేవాడు.

ఆఖరి రోజు పొద్దున్న లాలస స్నానాలగది తలుపు తీసి, స్టూలు మీద కునికిపాట్లు పడుతున్న తల్లిని చూసింది. కేకలేస్తుందనుకున్నాను. చెయ్యి పట్టుకుని కింద భోజనాల గదికి తీసుకెళ్ళింది.

తిరిగొచ్చేసరికి హైమవతి కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. "ఆ వడ్డించే పెద్దావిడ చూడవే, గిన్నె ఖాళీ అవుతుంటే అడక్కుండానే మళ్ళీ పెట్టింది. మా అమ్మ పోయేక నాకెవరూ అలా పెట్టలేదే" అంది కూతురితో.

తర్వాత నన్ను కడిగి, తుడిచి, అలమారలో పెట్టి తలుపు మూసేసింది. నాకు బాధేసింది, దాచడం దేనికి. కానీ ఆవిడ తేలిగ్గా నడిచి వెళ్ళిపోతుంటే, పోనీలే అనిపించింది.

అయితే ఆ ఊరివాళ్ళు మర్చిపోయిన వస్తువును మర్చిపోనివ్వరు. కోటు వేసుకున్న హోటల్ ఉద్యోగి నన్ను గుడ్డలో మూటకట్టి, స్టేషన్ దాకా పరుగెత్తి, నడుం వంచి రెండు చేతులా హైమవతికి అందించాడు. ఆవిడ కూడా వంగి తీసుకుంది. అంత మర్యాదను కాదనడం ఎవరి తరం?

పేర్రాజు తెల్లబోయాడు. "దీన్నెలా మర్చిపోయేవే?"

"మర్చిపోలేదండీ. వదిలేసేను."

అని నన్ను ఆయన చేతుల్లో పెట్టింది. రైలు కదిలి చాలాసేపయినా ఆయన నన్ను ఒళ్ళోంచి దించలేదు.

ఇప్పుడు కాకినాడలో పొద్దున్నే నన్ను పెట్టేది పేర్రాజే. నీళ్ళ కొలత ఇంకా కుదరదు. అన్నం ముద్దయి, చేతికి జిగురులా అంటుకుంటుంది. ఆయన మొహం చిట్లించకుండా తింటాడు. లోపలి గదిలో హైమవతి ఇంకా లేవలేదు.