జోడు పంపకం

జానయ్యకు కోపం వస్తే ముందు చెవులు ఎర్రబడతాయి, తర్వాత నోరు లేస్తుంది, అన్నిటికన్నా ఆఖరున బుద్ధి పనిచేస్తుంది. నల్లగొండ గడియారం సెంటర్ వెనక సందులో ఉన్న తన డీటీపీ సెంటర్‌లో ఆ రోజు పొద్దుటి నుంచీ అతని చెవులు ఎర్రగానే ఉన్నాయి.

ఎందుకుండవు మరి? నకిరేకల్ బడివాళ్ల రజతోత్సవ సంచిక చేతిలో ఉంది. అన్నదమ్ములు వేరుపడ్డాక అతనికి దొరికిన మొదటి పెద్ద పని అది. అక్షరాల పేజీలన్నీ అయిపోయాయి, ఫోటోల పేజీలే మిగిలాయి. కానీ ఒక్క ఫోటో తెరిస్తే చాలు, కంప్యూటర్ ఎక్కడిదక్కడ బిగుసుకుపోతోంది. సాయంత్రం బస్సుకు బడి తరఫున గుర్వయ్య సారు వస్తాడు. అప్పటికి పేజీలు కాకపోతే ఫోటోలు పట్టుకుపోయి హైదరాబాదులో ఇస్తానని ఆయన మొహమాటం లేకుండా ముందే చెప్పాడు. ఈ పని పోతే ఈ సందులో ఇంకో పని దొరకదు. దుకాణం మూసుకోవడమే.

రోగం ఏమిటో జానయ్యకు తెలుసు. మెమొరీ చాలడం లేదు. మందు కూడా దగ్గరే ఉంది. పంపకాల్లో తన పాలికి వచ్చిన కొత్త ర్యామ్, అరచేయంత పొడుగున్న పచ్చటి పట్టీ, సొరుగులో భద్రంగా ఉంది.

ఆ పంపకాలు పోయిన ఆదివారమే జరిగాయి. అన్న ఐలేశం కంప్యూటర్ క్లాసులు చెప్పాలంటాడు, జానయ్య డీటీపీ చెయ్యాలంటాడు. ఒకే దుకాణంలో రెండు నోళ్లు ఇమడక మేనమామ రామచంద్రాన్ని పిలిపించారు. ఆర్టీసీలో కండక్టరుగా రిటైరైన ఆ పెద్దమనిషికి సగం అంటే సగమే. కంప్యూటర్లు రెండు, చెరొకటి. ఫ్యాన్లు రెండు, చెరొకటి. కలిసి ఉన్నప్పుడు హైదరాబాదులో లియాఖత్ అలీ దగ్గర కొన్న కొత్త ర్యాములు రెండు, కవర్లు కూడా విప్పనివి, అవీ చెరొకటి. "ఐలేశం పంచుతడు, జానయ్య ఏరుకుంటడు. రేపు ఎవ్వడు నోరు లేపొద్దు" అన్నాడు మామ. ర్యామ్‌ను జానయ్య తన చేత్తో తానే ఏరుకున్నాడు. ఈ సంగతి మీరు గుర్తుంచుకోండి, అతను మాత్రం మరచిపోయాడు.

కంప్యూటర్ డబ్బా మూత విప్పాడు. లోపల పాత ర్యాములు రెండు పక్కపక్కనే ఉన్నాయి, వాటి పక్కన రెండు ఖాళీ స్లాట్లు. కొత్తదాన్ని ఏటవాలుగా దించి, టక్కుమనే దాకా నిలబెట్టి స్విచ్ వేశాడు. తెర నల్లగానే ఉంది. లోపలి నుంచి కీచుమని ఒక కూత, ఆగి మళ్లీ కూత. తీసి, దాని పసుపుపచ్చ అంచును పెన్సిల్ రబ్బరుతో రుద్ది, ఉఫ్ఫని ఊది పెట్టాడు. కూత. రెండో స్లాటులోకి మార్చాడు. కూత. వైర్లన్నీ పీకి మళ్లీ బిగించాడు. కూతే. కొత్తది తీసేస్తే మాత్రం కంప్యూటర్ ఏమీ ఎరగనట్టు లేచి కూర్చుంది.

ఇంకేం కావాలి? ర్యామే ఖరాబుది. ఖరాబుది తన పాలికి ఎందుకొచ్చింది? అన్న పంచాడు గనుక వచ్చింది.

పక్కనే ఖుద్దూస్ ఎస్టీడీ బూత్ ఉంది. అమ్మిన మనిషికి ఒక్క ఫోన్ చేస్తే తేలిపోయేది. కానీ ఆ లియాఖత్ అలీ అన్నకు దోస్తు. ఇద్దరూ కూడబలుక్కున్నారన్న ఆలోచన ఒకసారి దూరాక ఆ తలకాయలో ఇంకో ఆలోచనకు జాగా మిగల్లేదు. జానయ్య చెప్పుల్లో కాళ్లు దూర్చాడు. పానగల్‌లో చెప్పులు కుట్టి కొడుకులిద్దరినీ చదివించిన బాపు, పోయే ముందు కుట్టి ఇచ్చిన చెప్పులవి.

రెండు సందుల అవతల ఐలేశం దుకాణంలో క్లాసు నడుస్తోంది. గుమ్మంలోంచే మొదలుపెట్టాడు జానయ్య.

"నాకు ఖరాబుది అంటగట్టి మంచిది నువ్వు పెట్టుకున్నవ్ గద?"

"ఏందిరా? ఏం ఖరాబు?"

"ర్యామ్! పొద్దుగాల్నుంచి పెడ్తున్న, మొత్తుకుంటాంది. నీది ఇటియ్యి, గిది తీస్కో."

"నాది కవర్ సుత విప్పలే. అయినా మామ ముందట ఏరుకున్నది నువ్వే గదరా."

"ముందుగాల్నే మార్చి పెట్టినవ్! దొంగవు! సొంత తమ్ముని నోటికాడి కూడు గుంజుకునే దొంగవు నువ్వు!"

క్లాసు మొత్తం తలలు తిప్పింది. ఐలేశం ముఖం నల్లబడింది. అతను చెయ్యెత్తలేదు, గొంతూ పెంచలేదు. "నడువు బయటికి" అన్నాడు, అంతే.

అతను తిట్టినా బాగుండేది. తిట్టలేదని జానయ్యకు ఇంకా మండింది. బయటికొచ్చి, చేతిలోని ర్యామ్‌ను నేలకేసి కొట్టి, మడమతో పటపటమనే దాకా తొక్కాడు. "గిదొక్కటి నాకెందుకు!" అని మోరీలోకి తన్నాడు. నల్లటి బురద దాన్ని మింగేసింది.

మధ్యాహ్నం దాటాక ఐలేశం వచ్చాడు. అంతదాకా దాచుకున్న కోపమంతా వెంట తెచ్చుకున్నాడు. జేబులోంచి తన ర్యామ్ తీసి బల్ల మీద కొట్టాడు.

"ఇగో, గిదే నా దొంగసొమ్ము. నువ్వు పోయినంక నా దాంట్ల పెట్టి చూసిన. నాది సుత గట్లనే మొత్తుకుంటాంది. లియాఖత్ భాయ్‌కి ఫోన్ కొట్టిన. అవి జోడు పెట్టాలెనట. ఒక్కటి పెడ్తె నడవదట."

జానయ్య చూపు మూత విప్పిన డబ్బాలోకి పోయింది. పాత ర్యాములు రెండూ జంటగా కూర్చుని ఉన్నాయి. పొద్దుటి నుంచీ కళ్లెదురుగానే ఉన్నాయి.

"మరి అమ్మేటప్పుడు ఆయన జెప్పొద్దా?" అన్నాడు, ఎవరో ఒకరి మీద పడాలి గనుక.

"జోడుగనే ఇచ్చిండు గదరా! వీటిని మనం వేరు చేస్తమని ఆయనకేం ఎరుక? బాపు బతికినన్ని దినాలు ఎన్నడన్న ఒక్క చెప్పు అమ్మిండా? ఎవలకన్న తలా ఒకటి పంచిండా? చెప్పులు కుట్టినోని కొడుకులం, మనిద్దరికి జోడంటే ఏందో ఎరుక లేకపాయె. థూ!" ఐలేశం తన ర్యామ్‌ను తమ్ముడి వైపు నెట్టాడు. "నాకు దీంతోని పనిలేదు. నీది తియ్యి. రెండు పెట్టుకొని నీ పని చేసుకో. అయినంక నా దుకాణం ముందటికొచ్చి, పొద్దుగాల ఎట్ల మొత్తుకున్నవో గట్లనే, గంత మంది ముందట, మా అన్న దొంగ కాదని మొత్తుకో. తియ్యి నీది."

"లేదన్నా."

"లేదంటే?"

"తొక్కిన. మోరీల పడేసిన."

ఐలేశం తమ్ముడి ముఖం చూశాడు, తర్వాత కాళ్లు చూశాడు. చూపు చాలాసేపు ఆ చెప్పుల మీదే ఉంది. "గిదొక్కటి నాకెందుకు" అని ర్యామ్‌ను బల్ల మీదే వదిలేసి వెళ్లిపోయాడు.

సాయంత్రం బస్సు వచ్చింది, గుర్వయ్య సారు వచ్చాడు. పేజీలు కాలేదని చూసి ఫోటోల కవరు చంకలో పెట్టుకుని పోయాడు. జానయ్య కూర్చుని మామను తిట్టాడు, లియాఖత్ అలీని తిట్టాడు, ఆ కంప్యూటర్ కనిపెట్టినవాణ్ని తిట్టాడు. తిట్టడానికి ఇంకెవరూ మిగలకపోయేసరికి, మిగిలిన ఒక్కడి మీద, అంటే తన మీదే, కోపంతో ఒళ్లంతా మండింది. దుకాణానికి తాళం వేశాడు. చెప్పులు అక్కడే గుమ్మం దగ్గర వదిలి నడిచాడు.

ఐలేశం దగ్గర సాయంత్రం క్లాసు నిండుగా ఉంది. జానయ్య మోరీ పక్కన నిలబడ్డాడు.

"మా అన్న దొంగ కాదు!"

పిల్లలు కిటికీ దగ్గర మూగారు. పాన్‌డబ్బా దగ్గరి వాళ్లు ఇటు తిరిగారు. ఐలేశం మాత్రం గుమ్మంలోకి రాలేదు. గొంతు ఒక్కటే లోపలి నుంచి వచ్చింది.

"ఇనొస్తలేదు. పొద్దుగాల ఇంక గట్టిగ మొత్తుకున్నవ్."

జానయ్య చెవులు ఎర్రబడ్డాయి. గొంతు చించుకుని మళ్లీ అరిచాడు.