కనబడని సూది

దూదమ్మ తెల్లవారగానే సంచి సర్దుకుంది. రెండు చీరలు, దువ్వెన, మందుల డబ్బా, అట్ట ఊడిన ప్రార్థనల పుస్తకం. ఏదో మరిచిపోయానని అనిపించి అన్నీ బయటికి తీసి మళ్ళీ పెట్టింది. మూడోసారికి వదినకు విసుగొచ్చింది.

"నువ్వు వెళ్ళేది నా కూతురింటికే. చంద్రమండలానికి కాదు."

"వెళ్ళాలో లేదో సాయంత్రానికి గానీ తెలియదు వదినా."

ఇద్దరి భర్తలూ పోయి చాలా ఏళ్ళయింది. అప్పటినుంచీ వదినా మరదళ్ళిద్దరూ ఒకే గదిలో ఉంటూ, ఒకే పరుపుల కార్ఖానాలో పక్కపక్కన కూర్చుని కుడుతున్నారు. జుట్టులో ఎప్పుడూ దూది పింజలు ఉండబట్టి చిన్నావిడకు దూదమ్మ అన్న పేరు స్థిరపడింది.

ఆసుపత్రికి నలభై పరుపులు కుట్టాల్సి వచ్చినప్పుడు యజమాని కొత్త పద్ధతి చెప్పాడు. పైనా కిందా కాస్త కొత్త దూది, మధ్యలో పాత గోనె ముక్కలు. మూతి కుట్టేశాక లోపలేముందో ఎవరు చూడొచ్చారు? అందరూ అలాగే కుట్టారు. దూదమ్మ కుట్టిన ఆరింటిలో మాత్రం అంతా దూదే. యజమాని ముందురోజు ఆమెను పిలిచి, మర్నాడు సరుకు వెళ్ళిపోయాక ఇకమీదట అందరిలా కుడతానని చెబితే ఉండమన్నాడు, లేదంటే ఆ సాయంత్రమే బస్సెక్కమన్నాడు.

"నువ్వొక్కదానివి దూది కూరితే లోకం బాగుపడిపోతుందా?" అంది వదిన, తలుపుకు తాళం వేస్తూ.

"లోకం సంగతి నాకెందుకు? ఒక్క రోగి నడుం బాగుంటే చాలు."

"మరి నీ కడుపో?"

"నన్ను ప్రేమించేవాడు పైనున్నాడుగా. చూసుకుంటాడు."

"ఊరు మారితే నీ అడ్రసు ఆయనకెవరిస్తారే?"

దూదమ్మ నవ్వింది గానీ భయం పోలేదు. నమ్మకం ఉన్నచోట భయం ఉండదని చదివింది. ఆమె లోపల మాత్రం అవి రెండూ ఒకే గదిలో కాపురం చేస్తున్నాయి, అచ్చం తనూ వదినా ఉన్నట్టే.

ఎన్ని అడ్డదారులు తొక్కినా ఆ కార్ఖానాలో ఒక్క నియమం ఎవరూ తప్పరు. పరుపు కుట్టే సూది జానెడు పొడవుంటుంది. సరుకు గడప దాటే ముందు ఎవరి సూది వాళ్ళు తెచ్చి గోడకున్న దిండుకు గుచ్చాలి. ఒక్కటి తగ్గినా పరుపులన్నీ విప్పి వెతకాలి.

సరుకు తీసుకెళ్ళడానికి ఆసుపత్రి పెద్ద నర్సు బండితో సహా వచ్చి నిలబడింది. పన్నెండు సూదులకు పదకొండే ఉన్నాయి. దూదమ్మ రవిక తడుముకుంది, కొంగు దులిపింది, పీట కింద చూసింది.

"సొరుగులోంచి ఇంకోటి తీసి గుచ్చెయ్యి," అని వదిన గొణిగింది. యజమాని కళ్ళతోనే సరేనన్నాడు.

పరుపులు విప్పితే వదిన కుట్టినవి కూడా విప్పుతారు. కానీ ఏ రోగో పక్కకి ఒత్తిగిలినప్పుడు ఆ సూది దిగితే? "నాకు తోడుండు తండ్రీ" అనుకుని నర్సు వైపు తిరిగింది.

"అమ్మా, నా సూది కనబడట్లేదు. పరుపులు విప్పాలి."

మొదటి పరుపు విప్పగానే గోనె ముక్కలు బయటపడ్డాయి. రెండోదీ అంతే. ఆరింటిలో మాత్రం తెల్లగా దూది ఉంది. సూది ఎక్కడా లేదు.

"ఈ ఆరూ ఎవరు కుట్టారు?" అంది నర్సు. వదినే వేలెత్తి చూపించింది. "ఇదిగో, ఈ మొండిఘటం."

"మిగతావన్నీ ఈవిడ ముందు మళ్ళీ కూరండి. ప్రతి మూతీ ఈవిడే కుట్టాలి. కాదంటే నేను ఇంకో చోట చూసుకుంటా."

యజమాని అప్పటికప్పుడు దూదమ్మకు కుర్చీ వేయించాడు. పన్నెండేళ్ళలో ఆమె అక్కడ కుర్చీ ఎక్కడం అదే మొదలు. కాళ్ళు నేలకందలేదు.

సాయంత్రం గదిలో వదిన ఆ సంచి భుజాన వేసుకుంది.

"ఎలాగూ సర్ది ఉంది. టికెట్టూ ఉంది. నేనే వెళ్ళొస్తా. రేపు ఆ గోనె ముక్కలు పీకుతూ నీ ఎదుట కూర్చోలేను."

"నేను నిన్ను ఏమన్నా అన్నానా వదినా?"

"అనలేదు. అదే బాధ. పది రోజుల్లో వచ్చేస్తాలే." దువ్వెన కోసం సంచిలో చెయ్యి పెట్టి, "అబ్బా" అని వెనక్కి లాక్కుంది. మడతపెట్టిన చీర కొంగులో జానెడు సూది. ముందురోజు పని దిగేటప్పుడు దూదమ్మ అక్కడే గుచ్చుకుని ఇంటికొచ్చేసింది. మూడుసార్లు సర్దినా చూసుకోలేదు.

ఇద్దరూ మంచం మీద కూలబడి కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వారు.

"నీ దేవుడు భలే గడుసువాడే."

"నీకూ దేవుడే వదినా. నన్నెంత ప్రేమిస్తాడో నిన్నూ అంతే."

"చూద్దాం," అని వదిన ముక్కు తుడుచుకుంది.

పది రోజులని వెళ్ళిన వదిన కూతురింట్లోనే ఉండిపోయింది. నెల తిరక్కుండా దూదమ్మ మంచి దూదితో ఒక పరుపు కుట్టి వదినకు పంపింది. బాగా నిద్ర పడుతోందని జవాబొచ్చింది.

వదిన వెళ్ళింది వేసవి చివర, ఒక శుక్రవారం. ఆ ఏడు చలికాలం మొదట్లో, కూతురింట్లో, ఆ పరుపు మీద నిద్రలోనే పోయింది. తిరిగి రాలేదు.