మొదటి టిక్కు

పెళ్లయి పంతొమ్మిది రోజులే కావడంతో సహస్రకు ప్రతిదీ పండుగలాగే ఉంది. బొగ్గుగని కార్మికులుండే ఎనిమిదో ఇంక్లైన్ కాలనీ క్వార్టరులో కుళాయి రెండుసార్లు దగ్గి మూడోసారి నీళ్లు వదిలితే ఆమెకు నవ్వొచ్చేది. భర్త ఉపేందర్ డ్యూటీ దిగి ఎంత రుద్ది కడుక్కున్నా కనురెప్పల అంచున సన్నని నలుపు మిగిలిపోయేది. ఎవరో కావాలని కాటుక పెట్టినట్టుండే ఆ నలుపును ఆమె దగ్గరికి వెళ్లి మరీ చూసేది. ఇక ఆదివారం ఎర్రటి ఫారిన్ కారు చూడటానికి పోతున్నామని అతను చెప్పేసరికి నేల మీద కాలు నిలవలేదు.

కారు కొనేది వాళ్లు కాదు, ఉపేందర్ అక్క రాజకుమారి భర్త రఘుపతి. గనిలో వెన్ను దెబ్బతిని ఉద్యోగం వదులుకున్నాక ఆయన ఒక ఎనిమిది సీట్ల బండిని పెళ్లిళ్లకు తిప్పుతూ ఇల్లు నడుపుతున్నాడు. ఇప్పుడు నస్పూర్‌లో పాత కార్లు అమ్మే లింగమూర్తి దగ్గర, పైకప్పు తెరుచుకునే రెండు సీట్ల కారు ఒకటి కనబడింది. విదేశంలో తయారై, హైదరాబాద్‌లో ఎవరో పెద్దాయన నాలుగేళ్లు వాడి వదిలేసిన బండి.

"డ్రైవరు ముందట కూసుంటే పెండ్లికొడుక్కు ఏం మజా ఉంటది? దీంట్ల డ్రైవరుకు జాగనే లేదు. పెండ్లికొడుకే తోలుకుంటడు, పక్కకు పిల్ల," అన్నాడు రఘుపతి.

"మంచిదే గని, నీ నడుముకు అంత కిందికి కూసుంటె మళ్ల లేపుటానికి క్రేను తేవాలె," అంది రాజకుమారి.

ఆమె ఎగతాళిలో భయం కూడా ఉంది. లింగమూర్తి పాత బండిని తీసుకుని, పైన కొంత డబ్బు కట్టించుకుని ఎర్ర కారు ఇస్తానన్నాడు. రేపు కొత్తది మూలన పడితే పాతది తిరిగి రాదు. ఎర్ర కారు ఇంజిన్‌లో చిన్న ముక్క విరిగినా సముద్రం దాటి రావాలి. అందాకా ముహూర్తాలు ఆగవు.

అందుకే ఉపేందర్‌ను చూసిపెట్టమన్నారు. అతను ఓపెన్‌కాస్టు గని వర్క్‌షాపులో, మట్టీ బొగ్గూ మోసే డంపర్లను బాగుచేసే ఫిట్టరు. అక్కడ ప్రతి షిఫ్టుకూ బండి కదలకముందు ఒక షీటు నింపుతారు. ఒక్కొక్కటీ చేత్తో చూడాలి, టిక్కు పెట్టాలి, చివర ఫిట్టరు సంతకం చెయ్యాలి. డంపరు తోలేవాడు ఇంకేమీ అడగడు. సంతకం చూసి ఎక్కుతాడు, గని లోతుకు దిగి వంద టన్నులు ఎత్తుకుని పైకి వస్తాడు. ఉపేందర్ ఈ కారుకు కూడా అలాంటి షీటే తయారు చేశాడు. అతను చెబుతుంటే సహస్ర తన గుండ్రటి అక్షరాలతో ఇరవై రెండు వరుసలు రాసింది. పెళ్లయ్యాక ఇద్దరూ కలిసి చేసిన మొదటి పని అదేనని ఆమెకు లోలోపల గర్వం.

మొదటి వరుస: ఇంజిన్ చల్లగా ఉందా? ఉంటేనే చివర స్టార్ట్ చేసి చూడాలి.

అది ఎందుకో బైకు మీద గోదావరి వంతెన దాటుతుంటే అతను చెప్పాడు. "సల్లగున్నప్పుడే పొగొస్తది, సప్పుడొస్తది. అమ్మెటోడు ముందుగాల్నే తిప్పి పెట్టిండనుకో, రోగం దాక్కుంటది. వేడి ఇంజిన్ అబద్ధం చెప్తది."

షెడ్డు నీడలో కారు మిరపపండులా మెరుస్తూ ఉంది. ఎంత కిందికి ఉందంటే పక్కన నిలబడితే దాని కప్పు సహస్ర భుజం దాకా కూడా రాలేదు. పదిహేను రోజుల సంది స్టార్ట్ చెయ్యడానికి తాళం కూడా పెట్టలేదని లింగమూర్తి అన్నాడు. ఉపేందర్ గోనెసంచి పరుచుకుని వెనక నుంచి కారు కిందికి దూరాడు. ఇంత కిందికి ఉన్న బండి మన స్పీడు బ్రేకర్లకు ఎక్కడెక్కడ గీసుకుందో చూడాలి కదా. రఘుపతి వంగలేక పక్కన టార్చి పట్టుకున్నాడు.

సహస్ర ఫోటో కోసం బానెట్ మీద చెయ్యి ఆనించి, వెంటనే వెనక్కి తీసుకుంది. పొయ్యి మీద నుంచి అప్పుడే దించిన పెనంలా ఉంది.

సరిగ్గా అప్పుడే లింగమూర్తి బటన్ నొక్కాడు. గుడ్డకప్పు మడతలు మడతలుగా వెనక్కి పోయి ఆకాశం కనబడింది. చూడటం అయిపోతే పొద్దు గూకకముందే ఇద్దరూ వంతెన దాకా ఒక చక్కరు కొట్టి రండని ఆమెతో అన్నాడు. సహస్ర ఆ తోలు సీటును చూసింది. వేడిగా ఉందని చెబితే ఉపేందర్ అక్కడికక్కడే ఆపేస్తాడు. ఈ వారమంతా అతనికి పొద్దున్నే మొదలయ్యే మొదటి షిఫ్టు. ఇంజిన్ చల్లగా ఉండే పొద్దుటి పూట మళ్లీ రావాలంటే వచ్చే ఆదివారమే. అప్పటికి ఈ సీటు ఎవరిదో.

కింద నుంచి అతని గొంతు వినిపించింది. "సహస్రా, మొదటిది. చెయ్యి పెట్టి చూడు. సల్లగున్నదా?"

"ఉన్నది," అంది. టిక్కు పెట్టింది.

ఆ తర్వాతవన్నీ పద్ధతిగానే జరిగాయి. ఛాసీ మీది నంబరును అతను చదువుతుంటే కస్టమ్స్ కాగితంతోనూ రిజిస్ట్రేషన్‌తోనూ ఆమె ఒక్కొక్క అంకె కలిపి చూసింది. వరద నీళ్లలో మునిగిన బండేమోనని సీట్ల కింద తివాచీ లేపి ఒండ్రు కోసం వేళ్లతో తడిమారు. టైర్లు ఏ ఏడు తయారయ్యాయో చూశారు. కప్పు మూసి బకెట్ నీళ్లు పోసి, లోపల చుక్క పడుతుందేమోనని కనిపెట్టారు. చివరకు స్టార్ట్ చేస్తే కారు పిల్లిలా గురగురమంది, పొగ జాడ లేదు. షీటు తీసుకుని ఉపేందర్ సంతకం పెట్టాడు. ఆమె పెట్టిన మొదటి టిక్కు గురించి ఒక్క మాట అడగలేదు.

చక్కరు నిజంగానే బాగుంది. కప్పు లేదు, జుట్టుకు పట్టపగ్గాలు లేవు, బొగ్గు లారీ మీది క్లీనరు ఈల వేసి చెయ్యి ఊపాడు. ఒక్క నిమిషం పాటు ఆమె అంతా మరిచిపోయింది. అప్పుడు ఉపేందర్, "నువ్వు రాస్తుంటె నాకు సగం ఫికర్ తప్పింది," అన్నాడు. ఆ నిమిషం అక్కడితో అయిపోయింది.

ఇంటికొచ్చాక ఆమె చెప్పాలనే అనుకుంది. అన్నం వడ్డించేటప్పుడు చెబుదామనుకుంది, బట్టలు మడతపెట్టేటప్పుడు చెబుదామనుకుంది. ఏమీ కాదులే, స్టార్ట్ చేస్తే మంచిగానే ఉంది కదా అని తనకు తానే సర్దిచెప్పుకుంది. వేడి ఇంజిన్ అబద్ధం చెబుతుందన్న మాట వెంటనే అడ్డం వచ్చేది. తెల్లవారి అతను డబ్బా పట్టుకుని షిఫ్టుకు పోతూ గుమ్మంలో వెనక్కి తిరిగి నవ్వాడు. రోజూ ఎదురుచూసే ఆ నవ్వును ఆమె ఆరోజు తలెత్తి చూడలేకపోయింది.

మధ్యాహ్నం షీటు కోసం రఘుపతి వచ్చాడు. నాలుగింటికి నస్పూర్‌లో బండ్లు మార్చుకోవాలి. పాత బండిని కడిగి తుడిచి వాకిట్లో నిలబెట్టాడు. లోపలున్నవన్నీ తీసేసి సంచిలో వేసుకొచ్చాడు: టవలు, నీళ్ల సీసా, నడుము కింద పెట్టుకునే దిండు. సహస్ర ఆ దిండునే చూస్తూ షీటు తెచ్చి ఇచ్చింది.

ఆయన షీటు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఎవలెవలో ఏందేందో అంటున్నరు చెల్లె. మా బామ్మర్ది సంతకం చేసినంక ఇంగ నేను ఎవల మాట వినాలె?"

"అన్నా," అంది సహస్ర. "మొదటి టిక్కు అబద్ధం. ఇంజిన్ కాలుతుండె. నాకు కారెక్కాలనుండె. సల్లగున్నదని చెప్పిన."

రఘుపతి జేబులోంచి షీటు తీసి ఆ మొదటి వరుస చూశాడు. తిడితే బాగుండు అనుకుంది.

"ఆనికి తెలుసా?"

"తెల్వదు."

"నాకు చెప్తె కాదు, చెల్లె. సంతకం ఆనిది. నడువు."

ఆ పాత బండిలోనే వర్క్‌షాపు గేటుకు పోయారు. షిఫ్టు వదిలారు. నూనె మరకల బట్టలతో వస్తున్న మనుషుల్లోంచి ఉపేందర్ ఆమెను చూసి, ఏమైందోనని పరుగున వచ్చాడు. ఆమె ఏడవకుండా చెప్పింది. ఎందుకు అలా చేసిందో కూడా దాచలేదు.

అతను షీటు తీసుకున్నాడు. ఆమె టిక్కు జోలికి పోలేదు. తన సంతకం మీదే అడ్డంగా గీత కొట్టి, "ఇది చెల్లది బావా," అన్నాడు. తోటి ఫిట్టర్లు చూస్తూనే ఉన్నారు. అతని చెవులు ఎర్రబడ్డాయి. ఇంట్లో కావలసినంతవరకే మాట్లాడాడు. ఉప్పు, సబ్బు, తాళంచెవి.

ఇవాళ వీలు కాదని రఘుపతి లింగమూర్తికి ఫోను చేశాడు, ముందే ఇంజిన్ తిప్పి పెట్టకుండా ఎప్పుడొస్తారో మాత్రం చెప్పలేదు. మరునాడు ఉపేందర్ ఒక మస్టరు, దాంతో ఆ రోజు జీతం పోగొట్టుకుని, కొత్త షీటు తనే రాసుకున్నాడు. తెల్లారీ తెల్లారకముందే అందరూ నస్పూర్‌లో దిగారు. రాజకుమారి కూడా వచ్చింది. లింగమూర్తి పళ్లు తోముకుంటూనే బయటికొచ్చాడు. ఆదివారం ఇంజిన్ ఎందుకు కాలిందని అడిగితే, వీళ్ల కంటే ముందే మంచిర్యాల వాళ్లెవరో వచ్చి కారు నడిపి చూశారనీ, బేరం ఎక్కడ చెడుతుందోనని ఆ మాట చెప్పలేదనీ నసుగుతూ ఒప్పుకున్నాడు.

ఉపేందర్ బానెట్ మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు ఉంచాడు. అది నీళ్లకుండలా చల్లగా ఉంది. స్టార్ట్ చేశాడు. అందరూ వెనక గొట్టం వైపే చూశారు. పొగ రాలేదు, చప్పుడు మారలేదు. పది నిమిషాలు అలాగే ఉంచి చూసి, కొత్త షీటు మీద సంతకం పెట్టాడు.

పాత బండి తాళాలు లింగమూర్తి చేతిలో పెట్టిన రఘుపతి ముఖం విప్పారింది. "ఏం కాలే చెల్లె, వట్టిగనే గాబరా పడ్డవు. బండి బంగారమే. రా, మొదలు నువ్వే కూసో."

"బండి మంచిదైంది బావా," అన్నాడు ఉపేందర్ ఆమె వైపు చూడకుండా. "టిక్కు మంచిది గాలే."

నిజానికి అందరూ ఊపిరి పీల్చుకున్నారు, ఆమె తప్ప. పొగ వచ్చి ఉంటే తను చెప్పినందుకు ఒక ఇల్లు నిలబడిందని అనుకునేది. ఇప్పుడు ఆ ఆసరా కూడా లేదు. తలుపు తెరిచి పట్టుకున్న రఘుపతితో, వదినెను కూర్చోబెట్టుకొమ్మని చెప్పింది. రాజకుమారి ముసిముసిగా నవ్వుతూ, క్రేను ముచ్చట మరోసారి ఎత్తుకుంటూ ఎక్కింది. ఎర్ర కారు మలుపు తిరిగి కనబడకుండా పోయింది.

ఉపేందర్ బైకు ఎక్కి కిక్కు మీద కాలు పెట్టాడు. సహస్ర వెనక ఎక్కడానికి జంకుతూ నిలబడింది.

"వెనుక టైరుల గాలున్నదా చూడు," అన్నాడు ముందుకే చూస్తూ.

ఆమె మట్టిలో మోకాలు ఆనించి కూర్చుంది. బొటనవేలితో ఒకచోట నొక్కింది, చక్రం కాస్త జరిపించి ఇంకోచోట నొక్కింది.

"తక్కువున్నది," అంది. "ఇద్దరం ఎక్కితె అణుగుతది."

అతను దిగాడు. తను మళ్లీ నొక్కి చూడలేదు. బైకును పంక్చరు షాపు దాకా తోయడానికి హ్యాండిల్ పట్టుకున్నాడు. ఆమె వెనక చెయ్యి వేసింది.