ఐదు వోల్టులు

ఇస్త్రీపెట్టె వైరు నిటారుగా ఎత్తి పట్టుకుంటే వేడెక్కుతుంది, వంగితే చల్లారిపోతుంది. ఆ వైరు మార్చమని భర్తను అడిగి ఆర్నెల్లయింది. ఊళ్ళోవాళ్ళ కార్లన్నీ బాగుచేసే మనిషికి ఇంట్లో వైరు కంటికానదు. ఎడమచేత్తో వైరు ఎత్తిపట్టుకుని ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తున్నదల్లా ఉన్నట్టుండి ఆగిపోయింది. వైరు వంచింది, పెట్టె మీది లైటు ఆరింది. నిటారుగా లాగింది, వెలిగింది. "అమ్మ దొంగా" అంది. ఇస్త్రీపెట్టెను కాదు, కింద షెడ్డులో నాలుగు రోజులుగా పరువు తీస్తున్న పళ్ళ డాక్టరు కారును.

ఆ కారుకు స్ప్రింగుల బదులు గాలి సంచులుంటాయి. చక్రం దగ్గర ఎంత ఎత్తుందో సెన్సారు చెబితే ఆ ప్రకారం గాలి నిండుతుంది. వెనక ఎడమవైపు మాత్రం కూలబడిపోతోంది. ఆయన సెన్సారు మార్చాడు, వాల్వు మార్చాడు. కారును పైకెత్తే లిఫ్టు ఎక్కించి వోల్టులు చూసే మీటరు పెడితే అంతా శుభ్రంగా ఉంటుంది, దించితే మళ్ళీ మొదటికే. పోయింది కంట్రోల్ యూనిట్టేనని తేల్చేసి, కొత్తది తేవడానికి పొద్దున్నే వెళ్ళాడు. మధ్యాహ్నానికి అవ్వకపోతే కారు కంపెనీకి పట్టుకుపోతానని డాక్టరు చెప్పేశాడు.

లిఫ్టు మీద చక్రాలు వేలాడతాయి. అప్పుడు సెన్సారు వైరు నిటారుగా సాగుతుంది. నేల మీద బరువు పడితే వంగుతుంది. "నాలుగు రోజులూ పైకెత్తే చూశాం కదండీ" అని చొక్కాతో చెప్పి, స్విచ్ తీసేసి మెట్లవైపు పరుగెత్తింది.

"పాలు పొంగుతాయే, ఎక్కడికి?" అత్తగారు వంటింట్లోంచి కేకేసింది.

"మీరు చూడండత్తయ్యా." పదకొండేళ్ళలో ఆ ఇంట్లో ఆమె ఈ మాట అనడం ఇదే మొదలు.

షెడ్డు మూల, కారు కిందికి దిగి పనిచేసే పాత గొయ్యి ఉంది. లిఫ్టు వచ్చాక దానిమీద చెక్కలు పరిచి అరిగిన టైర్లు పేర్చారు. టైర్లు దొర్లించి, చెక్కలు లాగేసి, కారును మెల్లగా గొయ్యి మీదికి నడిపింది. చక్రాలు నాలుగూ నేల మీద, బరువంతా వాటి మీద. ఇంజను ఆపి, తాళం ఆన్‌లోనే ఉంచి, మీటరు, టార్చి పట్టుకుని గోతిలోకి దిగింది. గుండె దడదడలాడుతోంది, భయంతో కాదు. పాలిటెక్నిక్ ల్యాబులో ఇలాగే కొట్టుకునేది. ఫస్టు క్లాసులో పాసైన పిల్లను చేసుకుని, "సర్టిఫికెట్టు ఫ్రేము కట్టించుకో, గోడ నిండుగా ఉంటుంది" అన్నాడాయన. అన్నాడు కానీ, చిక్కుముడి కారు వచ్చినప్పుడల్లా అన్నం తింటూ, "నువ్వైతే ఎక్కడ చూస్తావ్?" అని అడిగేవాడు. మర్నాడు అదే మాట షెడ్డులో ఆయన గొంతులో వినబడేది. వచ్చినవాళ్ళతో మాత్రం "మా ఇంటి టెస్టరండీ, ముట్టుకుంటే వెలుగుతుంది" అని నవ్వించేవాడు. ఆమె కూడా నవ్వేది. ఎందుకు నవ్వానా అని ఇప్పుడు ఒళ్ళు మండింది.

సెన్సారు దగ్గర మీటరు పెట్టింది. ఐదు వోల్టులు రావాలి. సున్నా. జానెడు పైన నల్ల తొడుగు లోపల వైరు మడతపడి ఉంది. వేళ్ళతో నిటారుగా చేసింది. ఐదు. వదిలింది. సున్నా. మళ్ళీ ఐదు. మళ్ళీ సున్నా. పైకి నున్నగానే ఉంది, లోపల రాగి తెగిపోయింది. గోతిలో ఒక్కతే పకపకా నవ్వింది. ఎన్నాళ్ళకు ఇంత సంతోషం.

తెగిన ముక్క తీసేసి, కొత్త వైరు అతికి సోల్డరింగు పెట్టి, ఇంజను స్టార్టు చేసింది. కారు బుస్సుమంటూ ఎడమవైపు లేచి సమంగా నిలబడింది.

అప్పుడే భర్త అట్టపెట్టెతో వచ్చాడు. "నన్నడక్కుండా ఎందుకు ముట్టుకున్నావ్?" అంటూనే కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "ఎలా లేచింది?" ఆమె నోరు తెరిచేలోగా తెల్లకోటుతోనే డాక్టరు ఆటో దిగాడు.

"అన్నాను కదండీ డాక్టరుగారూ, మన చేతిలో పడితే అవ్వాల్సిందే" అన్నాడు భర్త.

"ఇంతకీ జబ్బేంటి?"

భర్త ఆమెవైపు చూశాడు. ఆ చూపు ఆమెకు కొత్త కాదు. నా చెవిలో చెప్పు, నేను గట్టిగా చెబుతాను అని దానర్థం. ఎన్నిసార్లు చెప్పిందో. కానీ ఇవాళ్టిది దాచుకోవాలనిపించేంత తీపిగా ఉంది.

"సెన్సారు వైరు లోపల తెగిందండీ" అంది నేరుగా డాక్టరుతో. "లిఫ్టు మీద నిటారుగా ఉండి కలుస్తుంది, నేల మీద వంగి విడిపోతుంది. అందుకే ఇన్ని రోజులు దొరకలేదు."

"మా దగ్గరా అంతేనమ్మా, పేషెంట్లు కుర్చీలో కూర్చోగానే నొప్పి లేదంటారు. ఎవరు పట్టుకున్నారు దీన్ని?"

"నేనే."

"మా ఇంటి టెస్టరండీ..." భర్త మొదలుపెట్టాడు. డాక్టరు నవ్వలేదు. కుడివైపు వైరు కూడా చూస్తారా అని ఆమెనే అడిగాడు.

బల్ల మీద ఫోను మోగింది. ఆమె తీసింది. "మెకానిక్ గారున్నారా అమ్మా?" అన్నదో గొంతు. భర్త అలవాటుగా చెయ్యి చాపాడు.

ఆమె ఫోను రెండో చెవికి మార్చుకుంది. "మాట్లాడుతున్నాను, చెప్పండి."