తుమ్మెదకు నాలుగు పేజీలు

పురుగుకు నాలుగు పేజీలట, మనిషికి ఒక్క వాక్యమట! కాంతమ్మకు ఒళ్ళు మండిందంటే మండదా మరి?

పాపం, యమున మేడం వచ్చింది మంచి కబురు చెప్దామనే. కుప్పంలో పొద్దున్నే బస్సెక్కి, పుంగనూరులో దిగి, చౌడేపల్లె ఆటో పట్టుకుని వచ్చింది. కాంతమ్మ కూతురు ప్రీతి ఎమ్మెస్సీ చదివింది ఆవిడ దగ్గరే. రెండేళ్ళ కిందట డెంగీ జ్వరం వచ్చి మదనపల్లె ఆసుపత్రిలో పోయింది, నిండా ఇరవై రెండేళ్ళు లేని పిల్ల. అంతకు ముందు వేసవిలో, ఇంటి ఆవుల కొట్టం దూలాన్ని తొలిచి కాపురం పెట్టిన నల్ల తుమ్మెదల్లో కొన్నింటిని పట్టి మేడంకిచ్చింది. పాలు పిండుతుంటే చెంబులో కట్టెపొట్టు రాలుతోందని తల్లి ఆ తుమ్మెదల్ని తిట్టిపోసేది. "ఇవి అన్నిట్లా లేవుమా, బాగా సూడు" అని కూతురు ఎదురు పోట్లాడేది. పిల్ల మాటే నిజమైంది. ఇలాంటి తుమ్మెద ఒకటుందని ఇంతవరకూ ఎవరూ రాయలేదని ఇప్పుడు తేలింది. దానికి ప్రీతి పేరే పెడుతూ మేడం ఒక సైన్సు పత్రికకు నాలుగు పేజీల వ్యాసం రాసింది.

"పాప పేరా?" కాంతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఏం రాసినావో సదువమ్మా. నాకర్థమయ్యేట్టు తెలుగులో సెప్పు."

మేడం ఫోన్లో చూస్తూ చెప్పసాగింది. ఒళ్ళంతా నలుపు. రెక్కలు ఎండ తగిలితే ఊదా. కళ్ళ నడుమ తెల్లటి నూగు, పైన ఒత్తుగా, కిందికొచ్చేసరికి పలచగా. వెనక కాళ్ళకు లోపలి వైపు మాత్రమే ఎర్రటి వెంట్రుకలు. ఇంకా బోలెడు ఉంది. కాంతమ్మ కదలకుండా విన్నది. వేలెడు లేని పురుగును ఎంత ఓపిగ్గా చూశారమ్మా! చిట్టచివర ప్రీతి వచ్చింది. దీన్ని మొదట గుర్తించిన విద్యార్థిని ప్రీతి జ్ఞాపకార్థం ఈ పేరు పెట్టాం, అని.

"ఇంగ?"

"అంతేనమ్మా."

"అంతేనా! దాని కాలి బొచ్చు గూడా రాసినారే, నా బిడ్డ ఎట్లుంటాదో రాయలేదే? రేపు సదివేటోళ్ళకు ఎట్ల తెలుస్తాది ఈ ప్రీతి ఎవురో? ఊరికి పదిమంది ప్రీతిలుండారు."

"అట్లా రాసే పద్ధతి లేదమ్మా. వేసుకోరు."

"నీ పద్ధతి నీకాడే పెట్టుకో. నేను సెప్తాను, రాసుకో."

అచ్చులో రాదని తెలిసీ మేడం ఫోన్లోనే రాసుకోవడం మొదలుపెట్టింది.

పాప అని నోరెత్తితే చాలు, "ఊరుకో అక్కా, మర్సిపో" అని నోరు మూయించేవాళ్ళే చుట్టాలంతా. ఈ రెండేళ్ళలో ఆ పిల్ల ఎట్లా ఉండేదని అడిగినవాళ్ళు లేరు. అందుకే కాంతమ్మకు మాటలు పొంగుకొచ్చాయి. జుట్టు రింగులు రింగులు, దువ్వెన పండ్లు ఇరిగిపోతాయి. నవ్వితే పైచిగురు కనపడతాది, దానికే చెయ్యి అడ్డం పెట్టుకుంటాది. కాలి రెండో వేలు బొటనవేలికన్నా పొడుగు, మొగుణ్ణి ఏలుతాదని వాళ్ళవ్వ ఎగతాళి. మడమలు ఈడ్సి నడుస్తాది, ఎన్ని జతల సెప్పులు కొన్నా సాలవు. చెబుతూ చెబుతూ కాంతమ్మ నవ్వింది కూడా.

"సెంప మీద పుట్టుమచ్చ. మిరియం గింజంత ఉంటాది."

"ఏ పక్కమ్మా?" అలవాటుకొద్దీ అడిగింది మేడం.

కాంతమ్మ చెయ్యి ఎడమ చెంప దాకా పోయి ఆగింది. మళ్ళీ కుడి చెంపకు పోయింది. అక్కడా నిలవలేదు. గబగబా లేచి లోపలికి పోయి, గోడకున్న ఫోటో ముందు నిలబడింది. ఫోటో పెద్దది చేసినవాడు పిల్లను తెల్లగా చేసి, మచ్చా గిచ్చా లేకుండా తుడిచేశాడు. ఎంత బాగుండాదో అని ఆ రోజు మురిసిపోయింది కాంతమ్మే. ప్రీతి ఫోను చూద్దామంటే అది ఆసుపత్రి హడావుడిలో ఎక్కడో పోయింది. మేడం తన ఫోనంతా వెతికింది. తుమ్మెదను పైనుంచి, పక్కనుంచి, ఎదురుగా తీసిన ఫోటోలు లెక్కలేనన్ని ఉన్నాయి. ప్రీతిది ఒక్కటే దొరికింది, అదీ క్లాసు మొత్తంతో, వెనక వరసలో, మొహం గోరంత.

"ఏమయ్యా! పాపకు మచ్చ ఏ పక్క?"

కొట్టంలో ఆవులకు గడ్డి వేస్తున్న భర్త తిమ్మప్ప అలాగే నిలబడిపోయాడు.

"ఎడం పక్క. కాదు కాదు... బండి మీద నా ఎనక కూసున్నప్పుడు అద్దంలో కనపడేది. అద్దంలో ఈ పక్కంటే..." చేతిలో గడ్డి కింద పడేసి, ఆ పక్కనే చతికిలబడ్డాడు.

"మచ్చ ఉందని రాస్తాలేమ్మా. ఏ పక్కో రాయను," అంది మేడం మెల్లగా.

"ఏ పక్కో రాయకుంటే అది మా పాప ఎట్లవుతాది? మచ్చ ఎవురికైనా ఉంటాది!" కాంతమ్మ రెండు చెంపలూ అరచేతులతో పట్టుకుని భోరుమంది. "కన్నదాన్ని, నేనే మర్సిపోతినే తల్లీ. ఇంగ యాడికి పోయి అడిగేది, ఎవురిని అడిగేది?"