మిల్లు గేటు స్తంభం

బస్సు స్టాపు స్తంభం ఒక పట్టాన కదలలేదు. చుట్టూ మూరెడు లోతు తవ్వి, గునపం మొనను కాంక్రీటు దిమ్మ కిందికి తోసి, రెండో కొస మీద ఒళ్ళంతా వేసి ఒత్తాడు. దిమ్మ కొంచెం లేచి, మళ్ళీ బద్ధకంగా కూర్చుంది. దాన్ని అక్కడ పాతింది కూడా అతనే, ఉద్యోగంలో చేరిన కొత్తలో. అప్పట్లో మిల్లు మూడు షిఫ్టులు నడిచేది. గేటు బయట ఇసకవేస్తే రాలని జనం. కాస్త జరగండయ్యా అని అందరినీ బతిమాలుకుంటూ గొయ్యి తీశాడు. ఇప్పుడు జరగమని చెప్పడానికి అక్కడ కుక్క కూడా లేదు.

బస్సుల ఆఫీసులో అతన్ని గునపం అంటారు. అసలు పేరు జీతం రోజున తప్ప ఎవరికీ గుర్తుకురాదు. సన్నగా, పొడుగ్గా, నడుం దగ్గర కొద్దిగా వంగి, తను మోసే గునపానికి తమ్ముడిలాగే ఉంటాడు. అరచేతుల్లో కాయలు కాసి, పిడికిలి పూర్తిగా మూసుకోదు. బస్సు స్టాపుల స్తంభాలు పాతడం, ఒరిగినవాటిని నిలబెట్టడం, వద్దన్నవాటిని పీకడం అతని పని. ఎక్కడ పాతమంటే అక్కడ పాతాడు. ఒకసారి కాగితం మీద గీత ఎక్కడుంటే అక్కడే పాతమన్నారని మురుగుకాలవ నడిమధ్య పాతి వచ్చాడు. ప్రయాణికులు గట్టు మీద నిలబడి బస్సు కోసం, స్తంభం కాలవలో నిలబడి ప్రయాణికుల కోసం చాలాకాలం ఎదురుచూశారు. నోట్లో నాలుక లేని మనిషని ఆఫీసులో అతనికి మంచిపేరు. ఇంట్లో అత్త దాన్నే చేతకానితనం అంటుంది. రెండూ ఒకటేనని అతనికి ఈ మధ్యనే తెలిసింది.

మిల్లు కాపలా తాత మొలకు గేటు తాళంచెవితో ఊచల వెనక నిలబడి చూస్తున్నాడు. మిల్లు మూతపడి, యజమానులు ఎటో వెళ్ళిపోయి, జీతమిచ్చే దిక్కు లేకపోయినా తాత కాపలా మానలేదు. రోజూ పొద్దున ఈ స్టాపులో బస్సెక్కి ఊళ్ళోకి పోయి, కడుపునిండా తిని, నాలుగు మొహాలు చూసి తిరిగొచ్చేవాడు. ఆ బస్సులో ఇంత దూరం వచ్చేది తాత ఒక్కడే. ఒక్కడి కోసం బస్సు తిప్పలేమని నిన్నటితో దాన్ని ఆపేశారు. స్తంభం పీకి స్టోరులో పడేయమని గునపానికి చెప్పారు.

తాత ఊచల మధ్యన మొహం పెట్టి అడిగాడు.

"ఏరా, ఒక్కడినైతే నేను మనిషిని కానా?"

అతను గునపానికి అంటిన మట్టి దులిపాడు. ఆ ప్రశ్న తనూ ఆఫీసులో అడిగినదే. అక్కడ తనది ఒక్కడి గొడవ కాదు, ఒక కాలనీ గొడవ. అయినా వచ్చిన జవాబులో తేడా లేదు.

గునపం వాళ్ళు ఉండే వీధి ఇదివరకు మార్కెట్టు వెనక ఉండేది. గుమ్మం దాటితే బస్సు. తర్వాత మెట్రో వచ్చింది. దాని స్తంభాలు సరిగ్గా వాళ్ళ వంటిళ్ళలో దిగాల్సి వచ్చింది. వీధిని వీధిగా ఎత్తి ఊరిచుట్టూ వేసిన పెద్దరోడ్డు పక్కన కొత్త కాలనీలో పెట్టారు. గోడలు గట్టివే, కుళాయి ఉంది, కాదనకూడదు. బస్సు మాత్రం లేదు. లేదంటే అసలు లేదని కాదు. ఆ రోడ్డు చివర కట్టిన గాజు మేడల ఆఫీసుల దాకా పోయే కొత్త చల్లని బస్సులు సగం ఖాళీ సీట్లతో కాలనీ ముందు నుంచే దూసుకుపోతాయి. ఆగవు. ఎందుకంటే రోడ్డు సర్వే చేసినరోజు అక్కడ కాలనీ లేదు, తుప్పలున్నాయి. తుప్పలు బస్సెక్కవు కదా.

అతని భార్య ఊళ్ళో ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతుకుతుంది. సాయంత్రం అదే చల్లని బస్సులో వచ్చి కూడలి దగ్గర దిగాలి. తను దిగిన బస్సు తన ఇంటి ముందునుంచే పోతుంటే, లారీల మధ్య రోడ్డంచున పడి ఆమె నడవాలి. మొన్న ఒక లారీ అద్దం ఆమె భుజాన్ని కొట్టి పోయింది. బెత్తెడు ఇటు జరిగి ఉంటే తల. ఆ రాత్రి ఆమె భుజానికి కాపడం పెడుతూ అత్త ఏడవలేదు. అల్లుడి మొహం చూసి, "ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితి తొట్టెలో పడిందట" అంది. అతను మర్నాడే ఇంజనీరు దగ్గరికి పోయి కాలనీకి ఒక స్టాపు అడిగాడు. జనాభా లెక్కలు కొత్తవి వచ్చాక చూద్దామన్నారు. బయటికొచ్చి గోడను అరచేత్తో చరిచాడు. కోపం వస్తే అలా ఉంటుందని అతనికి అప్పటిదాకా తెలియదు.

"ఇది స్టోరుకి పోవడం లేదు తాతా. మా కాలనీలో పాతుతున్నా. రెండు స్తంభాలుంటే రెండుచోట్లా ఉంచేవాణ్ణి."

"ఊరుకుంటారా?"

"ఊరుకోరు."

తాత ఉమ్మేసి లోపలికి పోయాడు. దీవించాడో తిట్టాడో తెలియలేదు. గునపం ఇంకోసారి ఒళ్ళు వేసి ఒత్తాడు. ఈసారి దిమ్మ పెళ్ళగిలి పైకి వచ్చేసింది. స్టోరు దారి అటుకదా అని స్తంభం ఎక్కించుకున్న ట్రాలీ ఆటో అతను అడిగాడు గానీ, గునపం మొహం చూసి ఇంకేమీ అడక్కుండా కాలనీ వైపు తిప్పాడు.

మధ్యాహ్నం ఎండలో కాలనీ ముందు, లారీలకు అడ్డు రాకుండా, బస్సు పక్కకు తీసుకోవడానికి చోటున్నచోట గొయ్యి తీశాడు. ఏ కాగితమూ గీత గీయని చోట తవ్వడం అతనికి అదే మొదలు. గునపం ఎంత తేలిగ్గా దిగిందో చూసి తనకే సిగ్గేసింది. ఇంటిపనిలో మిగిలిన కంకర, సిమెంటు అత్త బక్కెట్లతో మోసుకొచ్చింది. పాత దిమ్మ పగలగొట్టి, స్తంభం దించి, దారానికి గుండు కట్టి నిలువు చూసుకుని, తడి కాంక్రీటు పోసి కూరాడు. పైన బోర్డు మీద "మిల్లు గేటు" అనే ఉంది. మార్చేస్తే పోలేదా అంది అత్త. వద్దన్నాడు. తాత దగ్గర స్తంభం లాక్కున్నది చాలు, పేరు కూడా ఎక్కడ లాక్కుంటాం?

ట్రాలీ అతను ఆఫీసులో చెప్పాడో, దారిన పోయేవాళ్ళెవరు చెప్పారో, ఎండ వాలేవేళకు జీపు వచ్చి ఆగింది. ఇంజనీరు చెడ్డవాడు కాదు. నిద్ర చాలని కళ్ళతో, నలుగురి పని ఒక్కడే చేస్తున్నవాడిలా ఉంటాడు. అరవలేదు. నచ్చచెప్పాడు. ఈ ఒక్క స్టాపు ఇస్తే ఈ రోడ్డు మీద లేచే ప్రతి కాలనీ అడుగుతుంది. ఆగినకొద్దీ బస్సు తిరిగిరావడం ఆలస్యమవుతుంది. ఇంకో బస్సు కావాలి, ఉన్న డబ్బంతా మెట్రో మింగేసింది. పాత ఊళ్ళో ముసలివాళ్ళ బస్సు ఆపి ఇక్కడ తిప్పమంటావా? అది నువ్వు చెప్పు, ఆపేస్తాను అన్నాడు.

అతను విన్నాడు. ఇంజనీరు చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. పొద్దున తాత ముందు తనకి నోరు రానిది కూడా అందుకే. కానీ అన్నీ నిజాలే అయినప్పుడు, ఆ నిజాలన్నీ కలిసి ప్రతిసారీ తన పెళ్ళాన్నే లారీల మధ్య ఎందుకు నడిపిస్తున్నాయి?

"మీ కష్టం మీదే సార్, కాదనను. కొత్త బస్సు అడగట్లేదు. మా ఇంటి ముందే పోయే బస్సుని కాస్త ఆగమంటున్నా. ఇది మాత్రం నేను పీకను."

"నువ్వు పీకకపోతే ఇంకొకడు పీకుతాడు."

"ఇంకొకడు దాకా ఎందుకు? కాంక్రీటు ఇంకా పచ్చిగానే ఉంది. మీరు ఒక చేత్తో తోసినా పడిపోతుంది. తొయ్యండి."

అని స్తంభం వదిలి రెండడుగులు వెనక్కి వేశాడు. అత్త అడ్డం రాబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. అప్పటికి ఇళ్ళలోంచి జనం వచ్చి నిలబడ్డారు.  ఇంజనీరు స్తంభం దాకా నడిచి, బోర్డు చదివి, ఒక చెయ్యి జేబులోంచి తీసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. రేపటినుంచి పనిలోకి రావద్దని, పైవాళ్ళకు రాయక తప్పదని చెప్పాడు.

"రాయండి సార్. జవాబు వస్తే నాకూ పంపించండి. మిల్లు గేటు స్టాపు దగ్గర అంటే ఎవరైనా చెబుతారు."

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. జీపు వెళ్ళిపోయింది.  అతను తూలిపోకుండా స్తంభాన్ని పట్టుకున్నాడు. చూసేవాళ్ళకి అది వాలకుండా పట్టుకున్నట్టే ఉంది.

ఒక బస్సు వచ్చింది. జనం చేతులెత్తారు. డ్రైవరు తల తిప్పి చూశాడు గానీ ఆపలేదు. దుమ్ము మాత్రం మిగిలింది. సరిగ్గా అప్పుడే అత్త ఫోను తీసి కూతురితో, "కూడలి దగ్గర దిగకు. ఇంటి ముందరే దిగు. మీ ఆయన స్టాపు పెట్టాడు" అని చెప్పి పెట్టేసింది. బస్సు ఆగకపోతే ఆ పిల్ల రోడ్డు చివర గాజు మేడల దాకా పోతుంది, చీకట్లో అంత దూరం ఎలా తిరిగొస్తుందని అతను అడిగాడు. "ఆగదని నువ్వే అనుకుంటే ఈ గొయ్యి ఎందుకు తవ్వావయ్యా?" అంది అత్త. 

పొద్దు వాలింది. రోడ్డు వెంట ఒక రేకుపెట్టె మోసుకుంటూ తాత వచ్చాడు. స్తంభాన్ని చుట్టూ తిరిగి చూశాడు, తడుముకున్నాడు, బోర్డు చదువుకున్నాడు. పక్కనే పెట్టె దించి దానిమీద కూర్చున్నాడు. ఈ బస్సు చివరి స్టాపులో పైఊళ్ళ బస్సులు దొరుకుతాయట. తమ్ముడింటికి పోతున్నానన్నాడు.  స్తంభానికి చెరోపక్కా ఇద్దరూ రోడ్డు వైపు చూస్తూ ఉన్నారు.

దూరంగా బస్సు దీపాలు కనబడ్డాయి. అత్త చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని రోడ్డంచుకు పోయి చెయ్యి అడ్డంగా చాచింది. స్తంభం, దాని పక్కన చెయ్యి చాచిన మనిషి. ఈ రెండూ కనబడితే డ్రైవరు కాలు ఎవర్నీ అడక్కుండానే బ్రేకు మీదికి పోతుంది. ఆ కాలికి సర్వేలు తెలియవు. బస్సు కొంత ముందుకు జారి, కీచుమని ఆగింది. లోపల కండక్టరు కిటికీలోంచి బోర్డు చూసి, కాస్త తికమకపడి, అలవాటుగా "మిల్లు గేటు" అని కేకేశాడు. ఆ కేకకు తాత లేచి నిలబడ్డాడు.

భార్య దిగింది. మొగుడి మోచేతులదాకా పట్టిన సిమెంటునీ, జనాన్నీ, స్తంభాన్నీ మార్చిమార్చి చూసింది.

"ఉద్యోగం ఉందా, ఊడిందా?"

"ఊడింది."

ఆమె నవ్వబోయింది గానీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దెబ్బ తగిలిన భుజాన్ని స్తంభానికి ఆనించబోతే, పచ్చిగా ఉంది, ఆనుకోకు అని అతను కసిరాడు. ఈసారి ఆమెకు నిజంగానే నవ్వొచ్చింది.

తాత పెట్టె నెత్తినపెట్టుకుని మెట్టెక్కి, వెనక్కి తిరిగాడు. "నా స్టాపు పట్టుకొచ్చావు. దీన్ని మాత్రం ఎవడికీ ఇవ్వకు" అన్నాడు. బస్సు కదిలింది. లోపల ఖాళీ సీట్ల మధ్య నడుస్తూ పోయిన తాత తల వెనక అద్దంలో కాసేపు కనబడి కనుమరుగైంది.

జనం ఇళ్ళకు మళ్ళాక, కాంక్రీటు గట్టిపడేదాకా కాపలా ఉండటానికి అతను స్తంభం పక్కన కూర్చోబోతూ తల ఎత్తాడు. బోర్డు బిగించిన బోల్టుకు, జానెడు పొడుగు మిల్లు గేటు తాళంచెవి వేలాడుతోంది. ఒళ్ళంతా తుప్పే, వేళ్ళు పట్టుకునేచోట మాత్రం అరిగి నున్నగా మెరుస్తోంది.